ఓడిన కోచ్ మరుసటి ఏడాది ఏం చేశాడు?

1952 జూలై 15. హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా ఫుట్‌బాల్ జట్టు భారత్ మీద పది గోల్స్ కొట్టింది. మనవాళ్లు తిరిగి కొట్టింది ఒక్కటే, అదీ అహ్మద్ ఖాన్ పుణ్యమా అని. జట్టులో చాలామంది కాళ్లకు బూట్లు లేవు. ఉత్తకాళ్లతో ఆడటమే అప్పటి అలవాటు. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్‌లో బడిపంతులు. అప్పటికి ఆయనకు 42 ఏళ్లు. అంతకు ఏడాది ముందు ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టుకూ ఆయనే కోచ్.

హెల్సింకి నుంచి తిరిగొచ్చిన ఆ మనిషిని చూసి ఏమనుకోవాలి? ఆసియాలో గెలిచాడు, యూరప్ జట్టు ఎదురైతే తేలిపోయాడు, కాబట్టి ఆయన సత్తా అంతవరకేనని తేల్చేయాలా? లేక ఇంకా ఎదిగే మనిషేనని ఆగాలా? స్కోరు చూస్తే మొదటి మాటే నిజమనిపిస్తుంది. ఆ తర్వాతి పదేళ్లూ రెండో మాటే నిజమని చూపించాయి. జరిగిపోయాక తీర్పు చెప్పడం ఎవరికైనా సులువే. ఫలితం ఇంకా చేతికి రాకముందే, ఓటమి పచ్చిగా ఉన్నప్పుడే చెప్పాల్సి వస్తే దేన్ని చూడాలన్నదే అసలు చిక్కు. బడికో కాలేజీకో కోచ్‌ను పెట్టుకునే ప్రతి యాజమాన్యానికీ, పిల్లల్ని ఆటకు పంపే ప్రతి తల్లిదండ్రులకూ ఏదో ఒకనాడు ఎదురయ్యే చిక్కే ఇది.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, అక్కడే ఫుట్‌బాల్ ఆడారు. తర్వాత హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెబుతూ వ్యాయామ విద్యలోనూ డిప్లొమా చేశారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆ రోజుల్లో దేశంలోకెల్లా పేరున్న పోటీల్లో అదొకటి. అంటే హెల్సింకిలో ఓడేనాటికి ఆయన సొంత పద్ధతి దేశంలో బాగానే పండుతోంది. మార్చుకోవాల్సిన అవసరం స్వదేశంలో ఎవరూ ఆయనకు చూపించలేదు. అటువంటి స్థితిలో పద్ధతి మార్చుకోవడమే కష్టం. ఓడేవాడికి మార్పు తప్పదు, గెలిచేవాడికి మనసు ఒప్పదు.

అయినా మార్చారు. హెల్సింకి తర్వాత దేశంలో ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. అది ఫుట్‌బాల్ సమాఖ్య చేసిన నిర్ణయం. రహీం చేసింది అంతకంటే లోతైన పని. మన కుర్రాళ్లకు బంతిని కాలి దగ్గరే అట్టేపెట్టుకుని ఒంటరిగా దూసుకుపోవడమంటే ప్రాణం. దానికి చప్పట్లు ఎక్కువ. ఆ అలవాటు తప్పించడానికి ఆయన హైదరాబాద్‌లో డ్రిబ్లింగ్ చేయకూడదన్న నిబంధనతో పోటీలు పెట్టారు. బంతి అందిన మరుక్షణం పక్కవాడికి ఇచ్చేయాలి. బలహీనమైన కాలితోనే తన్నాలన్న షరతుతో మరికొన్ని పోటీలు పెట్టారు. చెప్పి ఊరుకోకుండా, ఆటలోనే తప్పనిసరి చేశారు. కోచ్ ఎదుగుతున్నాడా లేదా అన్నదానికి ఇంతకంటే మంచి సాక్ష్యం మైదానంలో దొరకదు. ఓడిపోయిన ఆటలో ఏ లోపం బయటపడిందో, మర్నాటి సాధనలో ఆ లోపానికి మందు కనిపించాలి.

నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్ వచ్చింది. ఆనాటికి హంగరీ జట్టు ప్రపంచ ఫుట్‌బాల్‌ను తలకిందులు చేసి ఉంది. 1953 నవంబరులో లండన్ వెంబ్లీ మైదానంలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్కుటి ముందు నిలబడకుండా వెనక్కి జరిగి ఆడేసరికి, అతన్ని ఎవరు కాయాలో ఇంగ్లండ్ డిఫెండర్లకు పాలుపోలేదు. రహీం కూడా తన ముందు వరసలో ఒకరిని వెనక్కి లాగి ఆడించారు. 1956 డిసెంబరు 1న ఆతిథ్య జట్టు ఆస్ట్రేలియాను భారత్ 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టారు. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అదే.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. మొదటి రౌండులో తలపడాల్సిన హంగరీ పోటీల నుంచి తప్పుకోవడంతో భారత్ ఆడకుండానే ముందుకు వెళ్లింది. అదృష్టం కలిసొచ్చింది. అందుకే నాలుగో స్థానమన్న ఒక్క ముక్క పట్టుకుని రహీం గొప్పతనాన్ని కొలవకూడదు. కొలవాల్సింది సెమీఫైనల్. ఎదుట మళ్లీ అదే యుగోస్లావియా. నెవిల్ డిసౌజా గోల్‌తో ముందు ఆధిక్యం సాధించింది భారతే. చివరికి 4-1తో ఓడింది. పతకాల లెక్కలో 1952 ఓటమే, 1956 కూడా ఓటమే. ఆట చూసిన కన్నుకు మాత్రం 10-1కీ 4-1కీ మధ్య ఒక కోచ్ నాలుగేళ్ల చదువు కనిపిస్తుంది.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ ఒక్క ఆటా గెలవలేదు. హంగరీతో 2-1తో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1గా సరిపెట్టుకుని, పెరూ చేతిలో 3-1తో ఓడింది. పతకాల పట్టిక మాత్రమే చదివేవాళ్లు రహీం పని అయిపోయిందనే అనుకుని ఉండాలి. రెండేళ్లకు జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. అప్పటికి ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. జట్టులో మేటి డిఫెండర్ జర్నైల్ సింగ్ థాయిలాండ్‌తో ఆటలో తలకు దెబ్బ తగిలి కుట్లు వేయించుకున్నాడు. రహీం అతన్ని కూర్చోబెట్టలేదు. డిఫెన్స్ నుంచి తీసి ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచారు. 1962 సెప్టెంబరు 4న ఫైనల్లో అదే దక్షిణ కొరియా. లక్షమంది ప్రేక్షకులు భారత్‌కు వ్యతిరేకంగా గోల పెడుతుండగా పీకే బెనర్జీ ఒక గోల్, ఆ జర్నైల్ సింగే రెండో గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం. రహీం 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో వచ్చిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆయన కథే.

యాభై మూడేళ్ల వయసులో, పదేళ్లకు పైగా అదే పదవిలో ఉన్న కోచ్, పది రోజుల వ్యవధిలో తనను ఓడించిన జట్టుకు కొత్త జవాబు వెతికి పట్టుకున్నారు. వయసు మీరితే, పదవిలో పాతబడితే కోచ్ ఎదగడన్న మాటకు ఇంతకంటే గట్టి ఎదురు సాక్ష్యం మన దగ్గర లేదు.

కోచ్ ఇంకా ఎదుగుతాడా లేదా అన్న ఈ ప్రశ్న మీద ఏటా ఊరూవాడా తలలు పట్టుకునే దేశం అమెరికా. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. విశ్వవిద్యాలయాల జట్ల ఆటలకు లక్షమంది పట్టే స్టేడియాలు నిండుతాయి. ఏడాదికి కోటి డాలర్లకు పైగా జీతం తీసుకునే కోచ్‌లున్నారు. అంత సొమ్ము పోసేవాళ్లు ఓపిక పట్టరు. 2025 అక్టోబరులో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం తన కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌ను సీజను మధ్యలోనే తీసేసింది. అంతకు ముందు సీజనులోనే ఆయన జట్టు జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్ దాకా వెళ్లింది. అయితే పన్నెండు సీజన్లలో తొలి పది ర్యాంకుల్లోని జట్లతో ఆడిన 25 ఆటల్లో ఆయన గెలిచినవి నాలుగే. మామూలు జట్లను ఓడించడం వచ్చు, పెద్ద జట్టు ఎదురైతే రాదు. ఆ ఒక్క గీత దాటుతాడా దాటడా అని పెన్ స్టేట్ అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

అలాంటి గీత దాటిన మనిషి నెబ్రాస్కా కోచ్ టామ్ ఆస్‌బోర్న్. 1973లో పదవి చేపట్టారు. ఏ సీజనులోనూ తొమ్మిది విజయాలకు తగ్గలేదు. అయినా జాతీయ టైటిల్ ఒక్కటీ రాలేదు. 1987 సీజను నుంచి 1993 దాకా వరసగా ఏడు బౌల్ ఆటలు, అంటే సీజను ముగింపులో జరిగే పెద్ద ఆటలు, ఓడిపోయారు. మంచివాడే గానీ పెద్ద ఆట గెలిచే మొనగాడు కాదన్న ముద్ర పడిపోయింది. ఆస్‌బోర్న్ ఆ ఓటముల్లో ఒక సంగతి గమనించారు. ఫ్లోరిడా జట్ల కుర్రాళ్ల వేగం ముందు తన డిఫెన్స్ నిలవడం లేదు. దాంతో ఏళ్లుగా నమ్ముకున్న డిఫెన్స్ అమరికనే వదిలేసి, బరువు కంటే వేగానికి విలువిచ్చే అమరికకు మారారు. వెనక వరసలో ఆడే చురుకైనవాళ్లను ముందుకు జరిపారు. 1994లో, తన ఇరవై రెండో సీజనులో, మొదటి జాతీయ టైటిల్ గెలిచారు. 1995లో మళ్లీ, 1997లో మళ్లీ. ఇరవై ఒకటో ఏట ఆయనను తీసేసి ఉంటే ఆ మూడూ నెబ్రాస్కాకు దక్కేవి కావు.

అలబామా మాజీ కోచ్ నిక్ సేబన్‌ది మరో తరహా. ఆయన ఓడిపోతున్న కోచ్ కాదు, అందరికంటే ఎక్కువ గెలుస్తున్న కోచ్. ఊపిరి తీసుకోనివ్వకుండా ఆటను పరుగులెత్తించే కొత్త పద్ధతి వస్తే, ఫుట్‌బాల్ అంటే ఇదేనా మనకు కావలసిందని 2012లో బాహాటంగానే అభ్యంతరం చెప్పారు. ఆ పద్ధతి ఆగదని అర్థమయ్యాక 2014లో లేన్ కిఫిన్‌ను దాడి విభాగానికి పెట్టుకుని తానే ఆ దారి పట్టారు. తర్వాత 2015, 2017, 2020 టైటిళ్లు గెలిచారు. బహిరంగంగా వ్యతిరేకించినదాన్ని బహిరంగంగానే నేర్చుకోవడానికి ఎంత గుండె ఉండాలి!

మిషిగన్ మాజీ కోచ్ జిమ్ హార్బాది కొంత మచ్చ ఉన్న కథ. 2020లో ఆయన జట్టు రెండు గెలిచి నాలుగు ఓడింది. బద్ధశత్రువు ఒహాయో స్టేట్‌ను అప్పటిదాకా ఒక్కసారీ ఓడించలేదు. యాజమాన్యం తీసేయలేదు గానీ జీతం దాదాపు సగానికి కోసింది. ఆయన ఒప్పుకున్నారు. సహాయకుల్లో చాలామందిని మార్చారు. డిఫెన్స్‌ను ముప్పై మూడేళ్ల మైక్ మెక్‌డొనాల్డ్ చేతిలో పెట్టారు. 2021లో ఒహాయో స్టేట్‌ను 42-27తో ఓడించారు. 2023 సీజనులో 15 ఆటలకు 15 గెలిచి జాతీయ విజేతలయ్యారు. అదే సీజనులో ప్రత్యర్థుల సైగలు దొంగచాటుగా సేకరించారన్న వ్యవహారంలో జట్టు ఇరుక్కుంది, ఆయన సస్పెన్షన్లు ఎదుర్కొన్నారు. కాబట్టి ఆ ఎదుగుదలను మెచ్చుకునేటప్పుడు ఆ సంగతి దాచకూడదు. యువకుడికి పగ్గాలిచ్చిన నిర్ణయం మాత్రం నికార్సైనది.

ఈ ముగ్గురివీ గెలుపు కథలు. కోచ్‌ను మార్చితే ఏమవుతుందన్నది కూడా కొందరు లెక్కగట్టి చూశారు. స్కాట్ ఆడ్లర్, మైఖేల్ బెర్రీ, డేవిడ్ డోహర్టీ అనే పరిశోధకులు అమెరికా కాలేజీ జట్ల ఫలితాలను పరిశీలించి 2013లో ఒక వ్యాసం ప్రచురించారు. మరీ అడుగున ఉన్న జట్లలో కొత్త కోచ్ వచ్చినా పెద్ద తేడా ఏమీ రాలేదు. మధ్యస్థంగా ఆడుతున్న జట్లు కోచ్‌ను మార్చినప్పుడు, మార్చకుండా ఉన్న అలాంటి జట్ల కంటే తర్వాతి ఏళ్లలో వెనకబడ్డాయి. కారణం ఊహించడం కష్టం కాదు. ఒక చెడ్డ సీజనులో గాయాలుంటాయి, ఒక్క పాయింటుతో చేజారిన ఆటలుంటాయి. అలాంటి దురదృష్టం ఏటా రాదు. పాత కోచ్ ఉన్నా మరుసటి ఏడాది జట్టు కొంత కోలుకుంటుంది. కొత్త కోచ్ వస్తే మాత్రం మొదట అంతా మళ్లీ అలవాటు పడాలి.

ఇప్పుడు గోదావరి దగ్గరికి వద్దాం. ఆత్రేయపురం నుంచి రావులపాలెం, కొత్తపేట మీదుగా అమలాపురం దాకా కోనసీమలో ఏ కాలేజీకైనా ఒక పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారుంటారు. ఆయనే కబడ్డీ కోచ్, ఆయనే వాలీబాల్ కోచ్, పరుగు పందేలకూ ఆయనే. వానాకాలమంతా మైదానం చిత్తడి. నన్నయ విశ్వవిద్యాలయం అంతర్ కళాశాలల పోటీలు వచ్చేనాటికి చేతిలో ఉండేది కొన్ని వారాలు. కప్పు వస్తే శాలువా, రాకపోతే ‘ఈయన ఇంతే’ అన్న మాట. కోటి డాలర్ల కోచ్‌కు పడే ముద్రే ఇక్కడా పడుతుంది. తేడా ఏమిటంటే, ఈయన పనిని ఆరు నెలల ముందు నుంచి గమనించినవాళ్లు ఒక్కరూ ఉండరు.

కాలేజీ కోచ్‌ను గమనించడానికి నిజానికి ఒక సౌకర్యం ఉంది. క్లబ్బు జట్టులో ఆటగాడు ఎక్కడెక్కడి నుంచో తయారై వస్తాడు. కాలేజీలో కుర్రాడు పద్దెనిమిదేళ్లకు వచ్చి డిగ్రీ అయ్యేదాకా అదే మైదానంలో కళ్లముందే ఉంటాడు. మొదటి ఏడాది ఎడమ పక్కకు తప్ప రైడ్‌కు వెళ్లలేనివాడు చివరి ఏడాదికి రెండు పక్కలా వెళ్తున్నాడా? మూడేళ్ల కింద సర్వీసే నెట్ దాటించలేని అమ్మాయి ఇవాళ కోరుకున్న మూలకు కొడుతోందా? ఇవి చూస్తే కప్పు లేకుండానే కోచ్ పనితనం తెలుస్తుంది. ఇంకో ఏడాది ఆగి, కొత్తగా వచ్చిన కుర్రాళ్లు పాతవాళ్ల కంటే త్వరగా అదే మెట్టు ఎక్కుతున్నారా అని చూస్తే ఆ కోచ్ తాను ఎదుగుతున్నాడో లేదో కూడా తెలుస్తుంది. ఏటేటా మేటి ఆటగాడు దొరికి గెలిచే కోచ్, మామూలు కుర్రాళ్లను ఏటేటా కాస్త మెరుగ్గా తీర్చే కోచ్ ఒకటి కాదు. యాజమాన్యాలు మొదటివారికి దండలు వేసి రెండోవారిని బదిలీ చేయడం చూస్తే బాధేస్తుంది.

ఓటమి తర్వాత కోచ్ చెప్పే మాట కూడా వినదగ్గదే. మొదటి ఏడాది రిఫరీ తప్పన్నాడు, సరే, అయి ఉండొచ్చు. రెండో ఏడాది మైదానం బాగాలేదన్నాడు. మూడో ఏడాది కుర్రాళ్లు మాట వినలేదన్నాడు. మూడేళ్లలో తన సాధన పద్ధతి మీద ఒక్క మాటా లేకపోతే, ఆ మనిషి దగ్గర ఇక కొత్త పాఠం దొరకదని గట్టిగానే అనుమానించవచ్చు. తన తప్పును ఊరంతా చాటనవసరం లేదు. సాయంత్రం సాధనలో ఏదో ఒకటి మారితే చాలు.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి కథలో ఇవన్నీ ఒకచోట కనిపిస్తాయి. తండ్రి వ్యాయామోపాధ్యాయుడు, బ్యాడ్మింటన్ ఆడినవారు. 2000లో పుట్టిన సాత్విక్ 2014లో హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీకి చేరాడు. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచిన సింగిల్స్ వీరుడు. డబుల్స్ ఆయన విద్య కాదు. 2015లో డబుల్స్ కోసం మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ భారత్‌కు వచ్చారు. చీఫ్ కోచ్‌గా ఉన్న గోపీచంద్ తనకు రాని విద్యకు తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోవడం చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ కాదు. హార్బా 2021లో చేసింది కూడా ఇదే కదా. 2019లో పీవీ సింధు ప్రపంచ విజేత అయినప్పుడు కూడా ఆమె వెంట దక్షిణ కొరియా కోచ్ కిమ్ జీ హ్యూన్ శ్రమ ఉంది.

సాత్విక్‌నూ, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టినీ జంటగా కలిపింది టాన్. ఇద్దరూ ఎత్తుగా, కోర్టు వెనక నుంచి బలంగా స్మాష్ కొట్టేవాళ్లే. ఒకరికి తెలుగు, ఒకరికి హిందీ. మొదట ఇద్దరికీ నచ్చలేదు. నెట్ దగ్గర ఆడటం నేర్పి వాళ్లను కుదిర్చారు టాన్. ఆయన 2019లో వెళ్లిపోయాక 2021లో డెన్మార్క్‌కు చెందిన మథియాస్ బో వచ్చారు. ఆ తర్వాత 2022లో థామస్ కప్పు, 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల స్వర్ణం, అదే ఏడాది అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్‌ఫైనల్లో మలేషియా జంట ఆరోన్ చియా, సో వూయి యిక్ చేతిలో 21-13, 14-21, 16-21తో ఓడిపోయారు. బో కోచింగ్‌కే వీడ్కోలు చెప్పారు.

2025లో టాన్ తిరిగొచ్చారు. ఒకసారి వదిలి వెళ్లిన కోచ్, తాను పిల్లలుగా చూసినవాళ్లు ప్రపంచ నంబర్ వన్ అయ్యాక మళ్లీ వాళ్లకు ఏం నేర్పగలడన్నది న్యాయమైన అనుమానమే. ఆగస్టులో ప్రపంచ చాంపియన్‌షిప్ పారిస్‌లోనే, ఒలింపిక్స్ ఆడిన ఆ హాలులోనే జరిగింది. క్వార్టర్‌ఫైనల్లో ఎదుట మళ్లీ చియా, సో. ఈసారి 21-12, 21-19తో సాత్విక్ జంటే గెలిచింది. సెమీఫైనల్లో చైనా జంట చెన్ బోయాంగ్, లియూ యీ వాళ్లను 19-21, 21-18, 12-21తో ఆపారు. కాంస్యం దక్కింది.

మొదటి రెండు గేములూ రెండు మూడు పాయింట్ల తేడాతో పోరాడి, మూడోదాన్ని తొమ్మిది పాయింట్ల తేడాతో వదిలేశారు. పారిస్ ఒలింపిక్స్ ఓటమి మొదటి గేము గెలిచాకే వచ్చింది. ఆట సాగేకొద్దీ పట్టు జారుతున్న తీరు రెండు చోట్లా ఒకటే. 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌కు ముందు టాన్ సరిచేయాల్సింది దీన్నే. అది సాధనలో కనిపిస్తోందా లేదా అన్నది అమలాపురంలో బ్యాడ్మింటన్ చూసే ఏ పీడీ గారైనా ఇకపై ప్రతి టోర్నీలో మూడో గేము మొదటి పది పాయింట్లలో వెతుక్కోవచ్చు.